సప్పోరో మంచులో ఇద్దరు ‘పెద్దలు’

డిసెంబరు నెలలో ఒక ఉదయం. కిటికీ కింద పార చప్పుడు వినిపించి లేచి చూచాను. నేను అద్దెకున్న ఇంటి వాకిట్లో ఇద్దరు యువకులు మంచు ఎత్తిపోస్తున్నారు. నల్లని ఓవరుకోట్లు, తెల్ల చొక్కాలు, మెడకు టైలు. కోటుమీద చిన్న నల్లని పేరుబిళ్ళ. టై కట్టుకుని మంచు ఎత్తే కూలీలను అంతకుముందు నేనెక్కడా చూడలేదు. గుమ్మంలో ఇంటి యజమానురాలు, ఎనభైకి దగ్గరపడిన వితంతువు, చేతులు ఊపుతూ “కెక్కో దెస్, కెక్కో దెస్” అంటున్నది. జపాను భాషలో ఈ మాటకు ‘చాలా బాగున్నది’ అని అర్థం. ‘నాకక్కరలేదు’ అని కూడా అర్థం. యువకులు మొదటి అర్థమే తీసుకున్నట్లున్నారు, పని ఆపలేదు.

అది 2018వ సంవత్సరం. పరిశోధన నిమిత్తం అక్టోబరు నుంచి మరుసటి మార్చి దాకా సప్పోరోలో ఉన్నాను. జపాను ఉత్తర దీవి హొక్కైదోకు ఇది ముఖ్యపట్టణం. జనాభా సుమారు 20 లక్షలు. శీతకాలం మొత్తంమీద కురిసే మంచు సుమారు 5 మీటర్లు. ఇంత జనమూ ఇంత మంచూ ఒక్కచోట చేరిన నగరాలు ప్రపంచంలో బహు కొద్ది. ఎముకలు కొరికే చలిని ఇక్కడివారు ‘షిబారెరు’ అంటారు. తోక్యో వాసులకు లేని మాట అది, వారికి దాని అవసరమూ లేదు.

రాత్రివేళ యంత్రాలు వచ్చి వీధి నడుమ మంచును తోసివేస్తాయి. తోసిన మంచు ఎక్కడికి పోతుంది? ఇళ్ళ గుమ్మాల ముందు గట్టుకట్టి తెల్లవారేసరికి రాయిలా బిగుసుకుంటుంది. ఓపిక ఉన్నవారు ‘మమాసాన్ డంప్’ అనే పెద్ద చేటవంటి తోపుడు పారతో దానిని తొలగించుకుంటారు. ఇల్లాలు సైతం సులువుగా తోయగలదని దానికా పేరు. అయితే ఇల్లాలు ముసలిదై, భర్త పోయి, కొడుకు తోక్యోలో ఉద్యోగం చేస్తుంటే? మా మామ్మగారి పరిస్థితి అదే. పై అంతస్తులో ఉన్న నేను సాయపడేవాడినే గాని, తెలుగుదేశపు ఎండలలో పెరిగిన ఈ నడుము రెండు పారల మంచు ఎత్తేసరికి మొరాయించేది.

ఆ యువకులు మార్మన్ మత ప్రచారకులు. పూర్తి పేరు ‘యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము’. లోకమంతా మార్మన్లు అనే పిలిచినా, పూర్తి పేరే వాడవలసిందని 2018లోనే ఆ సంఘాధ్యక్షుడు కోరాడు. ఆ రోజులలో 60 వేలకు పైగా ఇటువంటి ప్రచారకులు ప్రపంచమంతటా ఉండేవారు. మన హైదరాబాదులో కూడా ఈ తెల్లచొక్కాల జంటలను కొందరు పాఠకులు చూచే ఉంటారు. పిల్లవాడు 18 ఏళ్ళకే బయలుదేరవచ్చు, 2012కు ముందు ఇది 19. రెండేళ్ళ సేవకు జీతం లేదు సరికదా, ఖర్చు తామే పెట్టుకోవాలి. ఏ దేశానికి పోవాలో నిర్ణయించేది సంఘం.

పేరుకు ముందు ప్రతివానికీ ‘ఎల్డర్’ అనే బిరుదు ఉంటుంది, అనగా పెద్ద. జపానులో దానిని ‘చోరో’ అని అనువదించారు. చోరో అనగానే జపానువారి మనసులో మెదిలేది తెల్లగడ్డంతో, చేతికర్రతో ఉన్న గ్రామపెద్ద. పేరుబిళ్ళ చదివిన మామ్మగారు పారలు పట్టుకున్న ఆ పంతొమ్మిదేళ్ళ మొహాలను చూచి నోటికి చేయి అడ్డం పెట్టుకుని నవ్వింది.

పని అయ్యాక లోపలికి రమ్మన్నది. వారు వాకిట్లోనే ఆగిపోయారు. ఒంటరి స్త్రీ ఉన్న ఇంట్లోకి, వేరొక పురుషుడు తోడులేనిదే ప్రవేశించరాదని వారి నియమం. ఆమె వయస్సు ఎనభై అయినా నియమం నియమమే! “ఇండియా మాస్టారూ!” అని కింద నుంచి కేక. ఈ విధంగా నేను ఆ శీతకాలమంతా మూడవ పురుషుడి ఉద్యోగం చేశాను.

ఆమె పొగలుగక్కే పచ్చ తేనీరు తెచ్చి ముందుంచింది. అమెరికా కుర్రవాని ముఖం ఎర్రబడింది. మద్యం, పొగాకు, కాఫీలతోపాటు తేనీరు కూడా వారికి నిషిద్ధం. గృహిణి తన చేతులతో ఇచ్చిన తేనీటిని కాదనడం జపానులో ఎంత కష్టమో మనవారికి చెప్పనవసరం లేదు. మన ఇళ్ళలో కాఫీ వద్దన్న అతిథిని ఎలా చూస్తామో తెలుసుగదా. “వైద్యుడు వద్దన్నాడా?” అని ఆమె జాలిగా అడిగింది. మరుసటి వారం వారికోసం ‘సయు’ సిద్ధంగా ఉన్నది. సయు అనగా వట్టి వేడినీళ్ళు. జపాను వృద్ధులు ఉదయాన దానిని ఇష్టంగా తాగుతారు. దానిని కూడా మూతగల పింగాణీ గిన్నెలో పోసి, పళ్ళెంలో పెట్టి, రెండు చేతులతో అందించింది.

అమెరికా కుర్రవాడు ఐడహో రాష్ట్రంవాడు. బంగాళాదుంపలకు పేరుపడిన సీమ అది. తాతగారి పొలంలో వేసవులన్నీ నీటి గొట్టాలు ఒక చాలునుంచి మరొక చాలుకు మోసి మార్చి, ఆ కూలిడబ్బు ఈ రెండేళ్ళ కోసం దాచుకున్నాడు. యూటా రాష్ట్రంలోని ప్రోవోలో ఉన్న శిక్షణాలయంలో రెండు నెలలు జపాను భాష నేర్పి విమానం ఎక్కించారు. క్రియ వాక్యం చివర రావడం అతనికి పెద్ద గండం. “మీరింత త్వరగా ఎలా పట్టుకున్నారు?” అని అడిగితే, మా భాషలోనూ క్రియ చివరనే కాచుకుని ఉంటుందని చెప్పి కొంచెం గర్వపడ్డాను. రెండవవాడు జపానువాడే గాని ఒకినావా నుంచి వచ్చాడు. అది మంచు ఎరుగని దక్షిణపు దీవి. కనుక జపాను పిల్లవానికి జపాను మంచుమీద జారిపడకుండా నడవడం అమెరికా పిల్లవాడు నేర్పుతుండేవాడు. పాదం చదునుగా వేయాలి, అడుగు చిన్నదిగా ఉండాలి. ఆ పాఠం నేను కూడా విన్నాను, రెండుసార్లు పడిన తరువాత.

వారు ఒకరినొకరు విడిచి ఉండరాదు. ఉదయం ఆరున్నరకు లేవాలి, రాత్రి పదిన్నరకు పడుకోవాలి. వ్యాయామం, గ్రంథపఠనం, భాషాభ్యాసం, ఆ పైన వీధులు. సినిమాలు లేవు, ప్రేమ వ్యవహారాలు లేవు. వారానికొక రోజు బట్టలు ఉతుక్కోవడానికీ, సరుకులు తెచ్చుకోవడానికీ, ఇంటికి ఉత్తరం పంపడానికీ సెలవు. తక్కిన రోజులలో పని ప్రధానంగా తిరస్కారం పొందడమే. వేసవిలో సైకిళ్ళమీద, శీతకాలంలో కాలినడకన. ఇప్పటి జపాను ఇళ్ళలో తలుపు తెరవనైనా తెరవరు. గోడలోని చిన్న మాటలయంత్రం మర్యాదగా క్షమాపణ చెప్పి ఊరుకుంటుంది. “తిట్టినా బాగుండును, మనిషి ముఖమైనా కనబడుతుంది” అన్నాడు ఒకనాడు.

నా సంగతి దాచను. ఒకరి గుమ్మం ముందు నిలబడి నీ దేవుని కంటె నా దేవుడు మేలనడం నాకు రుచించదు. ఆ మాట వారితోనే అన్నాను. “మేము తలుపు తట్టడం వరకే, తీయడం మీ ఇష్టం” అన్నాడు ఐడహో కుర్రవాడు. దానికి నావద్ద జవాబున్నది. కాని వాని చేతివేళ్ళు చలికి పగిలి ఉండడం చూచి వాదం పెంచలేదు.

జపాను వారికి సులభంగా లొంగిన దేశం కాదు. హీబర్ గ్రాంట్ అనే నాయకుడు మరి ముగ్గురితో 1901 ఆగస్టులో యొకొహామా రేవున దిగాడు. వారిలో అల్మా టేలర్ ఆ నెలలోనే 19వ ఏట అడుగుపెట్టిన బాలుడు. అతడు 1910 వరకు ఉండిపోయి, తమ మతగ్రంథాన్ని జపాను భాషలోకి అనువదించి 1909లో అచ్చువేయించాడు. ఇంత చేసినా, 23 ఏళ్ళలో సంఘంలో చేరినవారు రెండు వందలమంది లేరు. చివరకు 1924లో ఆ ప్రయత్నం మూసివేయవలసిందని ఆజ్ఞ ఇచ్చినది కూడా గ్రాంటే, అప్పటికతడు సంఘానికి అధ్యక్షుడు. తాను తెరిచిన తలుపును తానే మూశాడన్నమాట. యుద్ధానంతరం 1948లో అది మళ్ళీ తెరుచుకుంది.

సప్పోరోలో మాత్రం కుర్రవానికి ఒక ఊరట ఉండేది. ఈ నగరాన్ని 19వ శతాబ్దంలో గళ్ళ నోటుపుస్తకం మాదిరి కొత్తగా గీసి కట్టారు. ఓదోరి ఉద్యానం నుంచి ఉత్తరానికి ఎన్నవ వీధి, సోసెయ్ కాలువ నుంచి పడమరకు ఎన్నవ వీధి అని చిరునామాలు చెబుతారు. మార్మన్ల రాజధాని సాల్ట్ లేక్ నగరంలో కూడా ఇదే పద్ధతి. అక్కడ దేవాలయపు ఆవరణ నుంచి లెక్క. భాష రాని దేశంలో ఇళ్ళు వెతకడం ఒక్కటే తనకు చేతనైన పని అని వాడు నవ్వేవాడు. ఈ ఊరికి అమెరికా ఉపదేశకులు కొత్త కూడా కాదు. 1876లో మసాచుసెట్స్ నుంచి వచ్చిన విలియం క్లార్క్ ఇక్కడి వ్యవసాయ కళాశాలలో ఎనిమిది నెలలే ఉన్నాడు. ఆ కళాశాలే నేటి హొక్కైదో విశ్వవిద్యాలయం. వ్యవసాయంతోపాటు అతడు బైబిలు కూడా బోధించాడు. నేటికీ ఊళ్ళో అతని విగ్రహానికి దండిగా సందర్శకులున్నారు.

జనవరి నడుమ ఒక వారం వారు రాలేదు. ఆ తరువాత వచ్చినప్పుడు ఐడహో కుర్రవాడు మాట లేకుండా మంచు ఎత్తాడు. లోపల కూర్చున్నాక ఒకినావావాడే చెప్పాడు: గొట్టాలు మోయించిన ఆ తాతగారు పోయారు. అప్పటి నియమం ప్రకారం ఇంటికి మామూలుగా ఫోను చేయడం ఏడాదికి రెండుసార్లే, క్రిస్మసుకూ, అమెరికావారి మాతృదినోత్సవానికీ. మరణం కనుక పైవారు ప్రత్యేకంగా అనుమతించగా తల్లితో మాట్లాడాడు. వెనక్కు వెళ్ళవచ్చు, ఎవరూ ఆపరు. కాని తాతకు అది ఇష్టముండదని తల్లీ కొడుకూ అనుకున్నారట. అంత్యక్రియలు వాడు లేకుండానే జరిగిపోయాయి.

మామ్మగారు లేచి పక్క గదిలోని బుత్సుదాన్ తలుపులు తెరిచింది. అది ఇంట్లో మరణించినవారికోసం ఉంచే చిన్న బౌద్ధపీఠం. లోపల భర్త ఛాయాచిత్రం, ఒక కంచు గిన్నె, అగరువత్తులు. రోజూ ఆయనకు పెట్టే తేనీటి కప్పు పక్కన మరొక కప్పు పెట్టింది. అందులో తేనీరు పోయబోతుండగా కుర్రవాడు తడబడుతూ, “మా తాత… తేనీరు తాగేవాడు కాడు” అన్నాడు. ఆమె చేయి ఆగింది. “అవును గదా, నిజమే” అని తనలో తాననుకుని, వంటింట్లోకి వెళ్ళి సయు తెచ్చి ఆ కప్పులో పోసింది.

పీఠం ముందు మ్రొక్కవచ్చునా? వాని మతం ఒప్పుతుందా? వాడు తన జతగాని వైపు చూచాడు. ఒకినావా కుర్రవాడు నేలచూపు చూస్తున్నాడు. పితృదేవతల పూజకు ఒకినావా పెట్టింది పేరు, వాని నాయనమ్మ ఇంట కూడా ఇటువంటి పీఠం ఉన్నదట. ఐడహోవాడు చేతులు జోడించలేదు, లేచి పోలేదు. మోకాళ్ళమీద నిటారుగా కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. మామ్మగారు కంచు గిన్నెను ఒక్కసారి మోగించింది. ఆ ధ్వని చాలాసేపు గదిలో నిలిచింది. వాడెవరిని ప్రార్థించాడో నేనడగలేదు. నాకు మాత్రం మా నాన్న తర్పణం వదిలేటప్పుడు పళ్ళెంలో పడే నీటిచప్పుడు గుర్తుకువచ్చింది.

తరువాత వాడు నెమ్మదిగా ఒక సంగతి చెప్పాడు. తాము చూడని పూర్వులకోసం కూడా తమవారు దేవాలయంలో వారి బదులుగా నీట మునిగి జ్ఞానస్నానం పొందుతారట. తాను కూడా ఎప్పుడో చనిపోయిన అపరిచితుల పేర్లమీద అనేకసార్లు మునిగాడట. సప్పోరోలోనే 2016లో అటువంటి దేవాలయం వెలసింది. వాని జపాను ఎంత అర్థమయిందో గాని మామ్మగారు, “నీళ్ళు చల్లగా ఉండవు గదా?” అన్నది. వెచ్చనివేనని వాడు హామీ ఇచ్చాడు.

ఫిబ్రవరి 15న సంఘం నియమం మార్చింది. ఇకపై ప్రచారకులు వారం వారం ఇంటివారితో ఫోనులో మాట్లాడవచ్చును. ఆ వార్త వాడే చెప్పాడు. “సంతోషమా?” అన్నాను. “అమ్మకు సంతోషం” అని, కాసేపాగి, “నాలుగు వారాలు” అన్నాడు. అంతకంటె ఏమీ అనలేదు. మొదటి సెలవురోజున తల్లితో మాట్లాడితే, ఆమె అడిగిన మొట్టమొదటి ప్రశ్న, కొత్త చేతితొడుగులు కొనుక్కున్నావా అని.

మార్చిలో వానికి బదిలీ ఉత్తరువు వచ్చింది. ఆరేసి వారాలకొకమారు ఈ బదిలీల లాటరీ తీస్తారు. దక్షిణాన ఏదో ఊరు. వెళ్ళేముందు మామ్మగారికి మమాసాన్ డంప్ పిడికి కొత్త నాడా చుట్టి ఇచ్చాడు. ఆమె వాని సంఘంలో చేరలేదు. చేరమని వాడు ఒకటి రెండుసార్లు అడగడం, ఆమె “కెక్కో దెస్” అనడం నేను విన్నాను.

నేను పెట్టె సర్దుకుంటున్న వారంలో మళ్ళీ మంచు పడింది. ఒకినావా కుర్రవాడు కొత్త జతగానితో వచ్చాడు, ఎర్రజుట్టు, ముఖం నిండా మచ్చలు, జపాను ఇంకా నాలుగు ముక్కలు. వాడు ధైర్యం తెచ్చుకుని గుమ్మంలో నిలబడి వల్లెవేసిన పాఠం ఒప్పచెప్పబోయాడు. మామ్మగారు “కెక్కో దెస్” అన్నది. వాడు తెల్లబోయి మెట్టు దిగబోయాడు. ఒకినావావాడు వాని భుజం పట్టుకుని ఆపి, చేతికి పార అందించాడు. లోపల నుంచి “ఇండియా మాస్టారూ!” అని కేక వినిపించింది. నేను కిందికి దిగేసరికి సయు గిన్నెలు రెండు పళ్ళెంలో ఉన్నాయి.