కువైట్‌కు పోయే ఓటీపీ

డెబ్బై దాటినవాళ్లకు ఫోన్ చేతకాదు, అందుకే ఆన్‌లైన్ వైద్యం వాళ్లతో సాగదు అంటారు. కమలాపురంలో రోగులను చూసే నాకు ఈ మాట నమ్మబుద్ధి కాదు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో బిడ్డలు కువైట్‌లో ఉన్న ఇళ్లు ఎన్నో. అక్షరం ముక్క రాని అవ్వలు కూడా రాత్రయితే ఫోన్‌ను చెంబుకు ఆనించి వాట్సాప్‌లో మనవళ్లతో గంటసేపు మాట్లాడతారు. అదే అవ్వ ఫోన్‌లో డాక్టరుతో ఒకసారి మాట్లాడి, రెండోసారి వద్దంటుంది.

ఎందుకని ఒకావిడను అడిగితే, "చెయ్యి పట్టి సూడల్యా, నోరు తెరవమనల్యా, అదేం వైద్యం సారూ" అంది. ఆమె చెప్పని కారణం ఇంకోటుంది. వయసు మీదపడే కొద్దీ చెవికి ముందు అందకుండా పోయేవి సన్నని ధ్వనులు. ఎదురుగా ఉంటే పెదవులు చూసి ఆ లోటు పూడ్చుకుంటారు. నెట్ తడబడితే పెదవి ఒకచోట, మాట ఒకచోట. మనవడి కబుర్లలో నాలుగు ముక్కలు పోయినా నష్టం లేదు. "సగం మాత్ర"లో సగం వినబడకపోతేనే చిక్కు.

ఊరి ఆరోగ్య కేంద్రంలో సిబ్బంది పక్కన కూర్చుని డాక్టరుతో మాట్లాడించే ఈ-సంజీవని 2019 నవంబరులో దేశంలో మొదట మన ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలైంది. ఇంటి నుంచే నేరుగా మాట్లాడే పద్ధతి 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ రోజుల్లో వచ్చింది. నేను చూసినంతలో పెద్దవాళ్లు మానకుండా వాడేది మొదటిదే. రెండోదానికి ఓటీపీ కావాలి. ఒకామె పేరు మీద ఎక్కించిన నంబరు కొడుకుది. ఓటీపీ కువైట్‌కు పోతుంది, ఆయన డ్యూటీలో ఉంటాడు, చూసేలోపు గడువు తీరుతుంది. షుగరు, బీపీ ఉన్న ఇంకో పెద్దాయన నెలనెలా కేంద్రానికి పోతూ ఉన్నట్టుండి మానేశాడు. "ఆ పాప బదిలీ అయిపాయ సారూ" అన్నాడు. తెర మీది డాక్టరు ఎవరైనా ఆయనకు ఒకటే. పక్కన కూర్చుని, గట్టిగా ఇంకోసారి చెప్పే మనిషి కావాలి.

కుర్రాళ్ల కథ వేరు. గజ్జల్లో తామర వచ్చిన ఒకబ్బాయి సిగ్గుపడి అర్ధరాత్రి యాప్‌లో చాట్ చేశాడు. ఇచ్చిన మందు దురద తగ్గగానే ఆపేశాడు. మళ్లీ వస్తే ఇంకో యాప్, ఇంకో డాక్టరు. మధ్యలో మెడికల్ షాపు వాళ్లిచ్చిన స్టెరాయిడ్ కలిసిన క్రీము. నా దగ్గరకొచ్చేసరికి మచ్చలు తొడల దాకా పాకాయి. లెక్కల్లో ఇతన్ని విడవకుండా వాడేవాడిగానే రాసుకుంటారు. వైద్యం మాత్రం ఒక్కటీ చివరిదాకా సాగలేదు.

యాభై ఏళ్ల ఆడవాళ్లు అమ్మకూ, పిల్లలకూ అన్నీ బుక్ చేస్తారు. తమ బీపీ సంగతి ఎవరైనా అడిగితేనే గుర్తొస్తుంది.

2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం, ఇదివరకే చూసిన రోగి షుగరు, బీపీ మాత్రలను వీడియోలో కొనసాగించవచ్చు. అందుకే పెద్దవాళ్లను మొదట పిలిపించి, పాదాలు, కళ్లు చూసి, ఆ తర్వాత నెలకోసారి వీడియో కాల్ చేయమంటున్నాను. చాలామంది చేస్తున్నారు, చెంబుకు ఫోన్ ఆనించే. తామర కుర్రాడే ఇంకా రెండో చూపుకు రాలేదు.