పాకురు

జలుబు చేసినప్పుడల్లా వైద్యుని చీటీ లేకుండానే యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగినవాణ్ణి నేను. వైరస్ వల్ల వచ్చే జలుబుకు అవి పనిచేయవని ఎరుగని పండితుణ్ణి! నిరుడు న్యుమోనియా సోకినప్పుడు రెండు మందులు ఓడిపోగా మూడవది బ్రతికించింది.

మన యల్లాప్రగడ సుబ్బారావుగారి సారథ్యంలోని లెడర్లీ ప్రయోగశాలలో డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలువడింది. మట్టిలోని సూక్ష్మజీవి ఇచ్చిన వరమది. అటువంటి వరాలను మనం దుబారా చేశాము. క్రిములు తట్టుకోవడం నేర్చుకొన్నాయి.

ఇప్పుడు శాస్త్రజ్ఞుల చూపు పాకురు జాతి మీద పడింది. 2017లో యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు బాక్టీరియాను చంపే వైరస్ జన్యువులను క్లామిడోమోనాస్ అనే ఏకకణ శైవలంలో చేర్చి, న్యుమోనియా క్రిమి గోడను ఛేదించే ప్రోటీన్లను తయారు చేయించారు. అవింకా రోగి మంచం దాకా రాలేదు.

మా పెద్దపల్లి చెరువు మెట్లపై కాలు జారినప్పుడల్లా పాకురును తిట్టుకొన్నాను. మిత్రులారా, ఇక తిట్టను. చీటీ లేని మాత్రను ముట్టను.