శనివారం ఖాళీ

విజయవాడ నుంచి బందరు 70 కిలోమీటర్లు. ఉయ్యూరులో కిటికీ పక్క సీటు దొరికింది. పామర్రులో సగం బస్సు దిగిపోయింది. గూడూరు దాటాక గాలిలో ఉప్పు తగిలింది. ఒళ్లో సంచి, సంచిలో తాతయ్య ఎస్సెల్సీ బుక్కు.

మా అమ్మ ట్రంకుపెట్టె సర్దుతుంటే బయటపడింది. అట్ట మూల చెదలు కొట్టేసింది. పేరు, పుట్టినతేదీ, ఎడమ మోచేతి మీద పుట్టుమచ్చ అంతా ఇంగ్లీషులో గుండ్రటి రాత. లెక్కల్లో అత్తెసరు, తెలుగులో ఫరవాలేదు. బందరు హిందూ హైస్కూలు, 1936. పేజీల మధ్య నాలుగు మడతల చీటీ. పెన్సిలుతో ఏడు వరుసలు: ఆది – ప్లీడరు గారు. సోమ – కోనేరు మామ్మగారు. మంగళ – తెలుగు మేష్టారు. ఇలా శుక్రవారం దాకా. శని అని రాసి, ఎదురుగా ఏమీ రాయలేదు.

అవి వారాలు. పల్లె నుంచి వచ్చిన బీదపిల్లాడికి రోజుకో ఇంట్లో అన్నం పెట్టేవారు. ఆరు ఇళ్లు కుదిరితే చదువు కుదిరినట్టే. ఏడోది తాతయ్యకు దొరకలేదన్నమాట.

ముందు నోబుల్ కాలేజీ వైపు నడిచాను. బందరులో ఇంగ్లీషు చదువు కథ అక్కడి నుంచే మొదలవుతుంది. రాబర్ట్ నోబుల్ అనే మిషనరీ 1841లో ఈ ఊరొచ్చి, 1843లో బడి తెరిచాడు. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకునేసరికి ఊరు ఊరంతా గగ్గోలెత్తింది. తల్లిదండ్రులు పిల్లల్ని మాన్పించేశారు. బడి ఖాళీ అయింది, మళ్లీ మెల్లగా నిండింది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన వచ్చి 30 వేల మందిని తీసుకుపోయింది. బతికి బయటపడ్డ నోబుల్ ఆ మరుసటి ఏడు ఇక్కడే కన్నుమూశాడు. వచ్చినవాడు మళ్లీ సొంత దేశం మొహం చూడనే లేదు.

అంత కష్టపడ్డ మనిషి తన బడిలో మొదట పైకులాల పిల్లల్నే చేర్చుకున్నాడు. మాలపల్లె పిల్లవాడికి ఆ గుమ్మం తెరుచుకోలేదు. నా చేతిలో చీటీ కూడా అంతే కదా అనిపించింది. ఆ ఆరు ఇళ్లలో ఒక్కటైనా ఆ పిల్లవాడిని పంక్తిలో కూర్చోబెట్టి ఉండేదా?

ఆటో అతనికి హిందూ హైస్కూలని చెబితే, "కాలేజీయా, హైస్కూలా?" అని రెండుసార్లు అడిగి మరీ ఎక్కించుకున్నాడు. వెళ్లేసరికి గేటుకు తాళం. రెండో శనివారం సంగతి నాకు తట్టనే లేదు. ఎదురుగా టీకొట్టు పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవరి కోసమండీ?"

"మా తాతయ్య ఇక్కడ చదివాడండి."

"ఏ బ్యాచి?"

"1936."

ఆయన నవ్వి, బల్ల తుడిచి, "కూర్చోండి, వాళ్ల క్లాసు వదిలేసి చాలాసేపైంది" అన్నాడు.

టీ తాగుతూ గేటు కమ్మీల్లోంచి చూస్తూ కూర్చున్నాను. చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు తెలుగు చెప్పిన బడి ఇది. రాజాస్థానాల్లో అవధానాలు చేసి గజారోహణాలు చేయించుకున్న కవి, గంట కొట్టగానే సుద్దముక్క పట్టుకుని క్లాసుకు వెళ్లేవాడన్నమాట. ఆయన ముందు బెంచీ మీద కూర్చున్న విశ్వనాథ సత్యనారాయణ, 'శ్రీమద్రామాయణ కల్పవృక్షం' రాసి, 1970లో తెలుగుకు తొలి జ్ఞానపీఠం తెచ్చారు. తాతయ్య చేరేనాటికి చెళ్లపిళ్ల వారు బడి వదిలి చాలా ఏళ్లు. అయినా మంగళవారం మేష్టారు అన్నంలో మజ్జిగ పోసుకుంటూ ఆయన ఆశువుల కబుర్లే చెప్పేవారట. తాతయ్యకు తెలుగు మార్కులు ఆ విస్తరి దగ్గర పడ్డవే.

పింగళి వెంకయ్య కూడా ఈ బడి పిల్లవాడే. ఎక్కడెక్కడో తిరిగి మళ్లీ బందరుకే మేష్టారై వచ్చాడు, కాకపోతే మరో బడికి. 1907లో బిపిన్ చంద్రపాల్ ఈ ఊళ్లో ఉపన్యాసాలిచ్చి వెళ్లాక, మన చదువు మనమే చెప్పుకుందామని కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య పూనుకుని 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల పెట్టారు. పుస్తకంతో పాటు మగ్గం, వడ్రంగం, బొమ్మలు నేర్పిన చోటు అది. అక్కడ పాఠాలు చెబుతూనే వెంకయ్య దేశదేశాల జెండాలు పరిశీలించి 1916లో చిన్న పుస్తకం వేశాడు. 1921లో బెజవాడలో గాంధీగారి చేతికి జెండా నమూనా ఇచ్చింది ఆయనే.

మధ్యాహ్నం కోనేరు సెంటర్లో మామ్మగారి ఇల్లు వెతికాను. ఏం దొరుకుతుంది? సెల్‌ఫోన్ల కొట్లు, చెప్పుల కొట్లు, తొక్కుడు లడ్డు వాసన. ఆకలేసి మెస్సులో కూర్చున్నాను. విస్తట్లో పప్పు వేస్తుండగా, ఇవాళ శనివారమని మళ్లీ గుర్తొచ్చింది. అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, తాతయ్య చీటీలో శనివారం ఖాళీగా ఉందే, ఆ రోజు ఏం తినేవాడో ఎప్పుడైనా చెప్పాడా?"

అవతల కాసేపు మాట లేదు.

"చెప్పలేదురా. ఆయన మేష్టారయ్యాక మా ఇంట్లో శనివారం శనివారం ఎవరో ఒక హైస్కూలు పిల్లాడు భోజనానికి వచ్చేవాడు. ఎవరి పిల్లాడివని అడగడానికి వీల్లేదు. ఎవరింటి వాడో తెలియకుండా పంక్తిలో ఎలా కూర్చోబెడతామని మా అమ్మ సణిగేది. ఆయన పలికేవాడు కాదు, లేచి తనే ఇంకో ఆకు వేసేవాడు. శనివారమే ఎందుకో మేమెప్పుడూ అడగలేదు."

మెస్సు కుర్రాడు అన్నం గిన్నెతో నిలబడి ఉన్నాడు. "ఇంకొంచెం వేయమంటారా?"

వేయమన్నాను.