గుమ్మం ముందు చదివిన జాబితా

ఓటర్ల జాబితాని ఎవరూ తీరిగ్గా కూర్చుని చదవరు. పోలింగు రోజున పార్టీ టెంటు కింద చీటీలు రాసే కుర్రాడు వేలితో వెతికి, క్రమసంఖ్య దొరగ్గానే పేజీ తిప్పేస్తాడు. 1999 వేసవిలో మేం దాన్ని మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా, ప్రతి ఇంటి గుమ్మం ముందూ నిలబడి పైకి చదివాం. ఆ ఏప్రిల్లోనే ఢిల్లీలో వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. లోక్‌సభకీ, మన శాసనసభకీ కలిపి ఎన్నికలొస్తాయని తేలిపోయింది. "ఒక్క ఓటుతో ఏమవుద్ది?" అన్నవాళ్ళకి చెప్పడానికి మాకు వేరే ఉదాహరణ అక్కర్లేకపోయింది.

తెనాలికి దగ్గర్లో మండల కేంద్రం మాది. నేను ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతుండేదాన్ని. ఐ.ఏ.ఎస్. ఉద్యోగం వదులుకుని వచ్చిన జయప్రకాశ్ నారాయణ్ గారు హైదరాబాదు కేంద్రంగా లోక్‌సత్తా ఉద్యమం మొదలుపెట్టి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. అప్పుడది పార్టీ కాదు. ఫలానావాళ్ళకి వెయ్యండి అని చెప్పదు, వెయ్యొద్దనీ చెప్పదు. ఎన్నికల మీద నిఘా పెట్టాలి, జాబితాలు సరిచూడాలి, అభ్యర్థుల గురించి జనానికి నిజాలు తెలియాలి అన్నది దాని మాట. ఆ మాట నచ్చి మా ఊళ్ళో రిటైరైన హెడ్మాస్టరు గారొకరు, ఒక లాయరు, మందుల షాపాయన, మా కాలేజీ కుర్రాళ్ళు కొందరు, నేను ఒక జట్టుగా చేరాం. ఆడమనిషిని నేనొక్కదాన్నే. వంటింటి దాకా వెళ్ళి మాట్లాడగలిగింది కూడా నేనే కనక జాబితా పనిలో పెద్ద భాగం నాకే వచ్చింది.

హెడ్మాస్టరు గారు మొదటి రోజే కట్టడి చేశారు. ఎవరికి వేస్తారని అడగకూడదు. మీరెవరికి వేస్తారని వాళ్ళడిగితే చెప్పకూడదు. పోటీ చేసేవాళ్ళ ఇంట్లో, వాళ్ళ అనుచరుల ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోకూడదు. ఈ చివరిది మా పల్లెల్లో ఎంత కష్టమో ఇక్కడ పుట్టిన వాళ్ళకి తెలుసు. కాఫీ వద్దంటే మనిషినే వద్దన్నట్టు.

జాబితా కంప్యూటరు అచ్చులో ఉండేది. క్రమసంఖ్య, ఇంటి నంబరు, పేరు, తండ్రి లేదా భర్త పేరు, లింగం, వయసు. చూడ్డానికి ఎంతో పద్ధతిగా ఉండేది. గుమ్మం ముందు చదవడం మొదలెట్టాకే అసలు సంగతి బయటపడేది. కూతురి వయసు ముప్పై ఒకటి, తల్లి వయసు ఇరవై ఎనిమిది. అన్నదమ్ములు విడిపోయి మూడిళ్ళయితే అందరూ పాత ఇంటి నంబరు కిందే. పెళ్ళై రేపల్లె వెళ్ళిపోయిన ఆడపిల్లలు ఇక్కడ ఉన్నారు, కోడళ్ళుగా వచ్చినవాళ్ళు లేరు. కోడళ్ళ సంగతి మరీ అన్యాయం. "మీ కోడలి పేరేంటి పిన్నిగారూ?" అంటే అత్తగారు పిలుపు పేరు చెప్పేది, మామగారు ఇంకొకటి చెప్పేవారు. లోపలి నుంచి ఆ అమ్మాయే వచ్చి టెన్త్ సర్టిఫికెట్టు చూపించేది. ఆ ఇంట్లో ఆమె అసలు పేరు పైకి పలకడం అదే మొదటిసారేమో అనిపించిన ఇళ్ళున్నాయి.

కాలవ గట్టు మీద ఒక పెంకుటిల్లు. ముసలావిడ మినుములు చెరుగుతోంది. ఆమె భర్త పోయి నాలుగేళ్ళు. జాబితాలో ఆయన ఉన్నాడు, ఆమె లేదు. చదివి వినిపించాను. చేట పక్కన పెట్టి, "ఏదీ, ఆయన పేరు చూపించమ్మా" అంది. చదువు రాదు. నేను వేలు పెట్టి చూపించిన చోట తనూ వేలు పెట్టింది. తీసేయించడానికి ఒక ఫారం ఉంది, నింపుతానన్నాను. "ఉండనీయమ్మాయ్. ఆయన పేరు ఇంకెక్కడ ఉంది గనక? రేషను కార్డులోంచి కూడా తీసేశారు" అంది. నాకు గొంతు పెగల్లేదు. ఆ పేరు ఉంటే ఆయన బదులు ఇంకెవడో వెళ్ళి ఓటేస్తాడని కాసేపటికి చెప్పాను. ఆవిడ ముఖం మారిపోయింది. "ఆయన పేరు మీద దొంగోటా? ఎక్కడెయ్యాల వేలిముద్ర?" అని చెయ్యి చాపింది. భర్త పేరు తీసెయ్యమని ఫారం 7, తన పేరు చేర్చమని ఫారం 6, రెంటి మీదా ఒకేసారి వేలిముద్ర వేసింది. దొంగ ఓట్ల మీద నేను విన్న ఉపన్యాసాలన్నిటికంటే ఆ చాచిన చెయ్యి నాకు ఎక్కువ చెప్పింది.

అనుమానాలు రాకుండా ఎట్లా ఉంటాయి? ఎస్సీ కాలనీలో పేర్లు చేరుస్తుంటే ఒక పార్టీవాళ్ళు, "వాళ్ళ ఓట్లు పెంచుతున్నారు" అన్నారు. బజారు వీధిలో లేని మనుషుల పేర్లు గుర్తిస్తుంటే రెండో పార్టీవాళ్ళు, "మా ఓట్లు కొట్టేయిస్తున్నారు" అన్నారు. హెడ్మాస్టరు గారు అనుమానాస్పదమైన పేర్లన్నీ నోటుపుస్తకంలో రాసి, అదే పుస్తకం పట్టుకుని రెండు పార్టీల పెద్దల ఇళ్ళకీ వెళ్ళారు. "ఇందులో ఉన్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి, ఇప్పుడే కొట్టేస్తాను" అన్నారు. అరుగు మీద కూర్చుని ఇద్దరూ చదివారు. ఆ తర్వాత మా మీద మాట రాలేదని కాదు గానీ, వీధిలో ఆపడం మానేశారు.

సెప్టెంబరు ఎన్నికల ముందు అభ్యర్థులందర్నీ ఒకే వేదిక మీదికి పిలిచాం. ఎవరు ముందు మాట్లాడాలో చీట్లు తీశాం. అందరికీ సమానంగా సమయం, బడి గంటే మా గడియారం. ప్రశ్నలు జనం కాగితాల మీద రాసి పంపాలి, మనుషుల మీద నిందలుంటే చదవం. ఒక అభ్యర్థి రాలేదు, తమ్ముణ్ణి పంపాడు. తమ్ముడు కుర్చీలో కూర్చోవచ్చు, మాట్లాడకూడదన్నాం. వచ్చిన ప్రశ్నల్లో సగం పైగా కాలవ చివరి భూములకి నీళ్ళ గురించే. నా చేతికొచ్చిన ఒక చీటీలో వంకర అక్షరాలతో ఇట్లా ఉంది: "ఆడోళ్ళు ఊరి బయటికి చీకట్లో పోవాల్సిందేనా, మరుగుదొడ్లు ఎప్పుడు?" అది చదవగానే మగవాళ్ళు కొందరు నవ్వారు. వేదిక మీద ఎవరూ నవ్వలేదు. ఒకాయన తడబడ్డాడు, ఇంకొకాయన అంచనా వ్యయం గురించి ఏదో చెప్పాడు. జవాబులు గొప్పగా లేవు. కానీ ఆ ప్రశ్నకి నలుగురి ముందు జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది.

అయితే అభ్యర్థి ఎవరో, ఎంత ఆస్తి ఉందో, కేసులున్నాయో లేదో తెలుసుకునే హక్కు ఆనాటికి ఓటరుకి కాగితం మీద లేదు. ఆ దారి కోర్టులో తెరుచుకుంది. అహ్మదాబాదు ఐ.ఐ.ఎం. ప్రొఫెసర్లు కొందరు అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్ పేరుతో ఢిల్లీ హైకోర్టుకి వెళ్ళారు. 2002 మే 2న సుప్రీంకోర్టు ఆ వివరాలు ఓటరుకి తెలియాల్సిందే అంది. పార్టీలన్నీ ఒక్కటై దాన్ని నీరుగార్చే చట్టం చేశాయి. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ చట్టంలో అలా నీరుగార్చే సెక్షన్ని కొట్టేసింది. పత్రికలో ఆ వార్త చదివి మందుల షాపాయన కౌంటరు వదిలేసి మా కాలేజీకి పరిగెత్తుకొచ్చాడు. ఒకదానికొకటి పడని పార్టీలు ఈ ఒక్క విషయంలో కలవడం నాకు ఈనాటికీ మింగుడుపడదు.

2004 ఏప్రిల్ ఎన్నికలకి ఆ వివరాలతో అభ్యర్థుల అఫిడవిట్లు వచ్చాయి. లాయరు గారు వాటి నకళ్ళు తెచ్చేవారు. కొన్ని ఇంగ్లీషులో ఉండేవి. రాత్రి పూట ఆయన చెబుతుంటే నేను తెలుగులో రాసేదాన్ని. ఎకరాలు, సెంట్లు, బంగారం, బ్యాంకు అప్పులు, చదువు, కేసులు. ఎంత జాగ్రత్త పడ్డామో నాకే తెలుసు. "కేసు విచారణలో ఉంది, నేరం రుజువు కాలేదు" అన్న మాట ప్రతి చోటా రాశాం. ఒకే కాగితం మీద అభ్యర్థులందరూ, పెద్ద పార్టీ అయినా ఇండిపెండెంటయినా ఒకే సైజు అక్షరాలు, బ్యాలెట్లో ఉన్న వరసే ఇక్కడా. జిరాక్సులు తీయించి బస్టాండులో, పాల కేంద్రం దగ్గర, రావిచెట్టు కింద అంటించాం. జనం ఆస్తుల వరస దగ్గరే ఎక్కువసేపు నిలబడేవాళ్ళు. "ఈయనకి కారు లేదంట, మరి మొన్న తిరిగింది ఎవరిదిరా?" లాంటి ప్రశ్నలు టీకొట్ల దగ్గర వినపడేవి. అదే కావలసింది.

ఆ ఎన్నికల్లోనే మొత్తం ఓటింగు యంత్రాలతో జరిగింది. మన ఓటు ఇంకెవరో వేసేస్తే ఏం చెయ్యాలో కూడా మేం వీధుల్లో చెప్పాం. ఎన్నికల నియమాల్లో 49పి అని ఉంది. మనమే ఆ ఓటరుమని నమ్మకం కలిగిస్తే బ్యాలెట్ కాగితం ఇస్తారు, దాన్ని టెండర్డ్ ఓటు అంటారు. కోర్టు ఆదేశిస్తే తప్ప అది లెక్కలోకి రాదని కూడా దాచకుండా చెప్పాం. పోలింగు రోజు మధ్యాహ్నం తాపీమేస్త్రి భార్య ఒకామె బూతులోకి వెళ్తే, నీ ఓటు అయిపోయిందన్నారు. ఆమె ఎడమ చెయ్యి చాపి, "సిరా ఏదండీ? నాకు కాగితం ఓటు ఇయ్యండి, 49పి" అంది. ప్రిసైడింగ్ అధికారి పుస్తకం తెరిచి చూశారు, ఇచ్చారు. బయటికొచ్చాక, "లెక్కలోకి రాదని తెలిసీ ఎందుకమ్మా అంతసేపు నిలబడ్డావు?" అని క్యూలో ఎవరో అడిగారు. "రాకపోతే పోనీ. నా ఓటు వేరేవాళ్ళు వేశారని అక్కడ రాసుంటది గదా, నా సంతకంతో" అంది.

2006 అక్టోబరు 2న లోక్‌సత్తా రాజకీయ పార్టీ అయింది. మా జట్టు హెడ్మాస్టరు గారింటి వసారాలో కూర్చుని రాత్రి పొద్దుపోయేదాకా మాట్లాడుకుంది. బయటి నుంచి అడిగితే చాలదు, చట్టసభలోకి వెళ్ళాలన్నవాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. మందుల షాపాయన, కుర్రాళ్ళలో ఇద్దరు పార్టీలో చేరారు. నేను చేరలేదు. ఎవరో ఒకరు ఏ గుర్తూ లేకుండా గుమ్మం ముందు నిలబడకపోతే, ఆ కాలవ గట్టు ముసలావిడ వేలిముద్ర వేసేది కాదని నా నమ్మకం. నోటుపుస్తకాలు, ఫారాల కట్టలు ఎవరి దగ్గరుండాలన్న ప్రశ్న వచ్చింది. పార్టీలో చేరనివాళ్ళ దగ్గరే ఉండాలని అన్నది మందుల షాపాయనే.

2009 ఎన్నికలకి మళ్ళీ కాగితాలు అంటించాం. ఈసారి ఆ పార్టీ అభ్యర్థి కూడా అందులో ఉన్నాడు, తన వరసలో, అవే అక్షరాల సైజులో. మందుల షాపాయన బస్టాండు దగ్గర నిలబడి పైనుంచి కింద దాకా చదివాడు. ప్రచారంలో పంచడానికి యాభై కాపీలు కావాలన్నాడు. అందరి వివరాలూ ఉన్న కాగితమే పంచాలి, ఒక్కరిది విడిగా కత్తిరించకూడదని చెప్పాను. "నాకు చెప్తావా అమ్మాయ్, ఆ రూలు పెట్టిన రోజు నేనూ ఉన్నాగా" అని, మిగతా పార్టీల దగ్గర తీసుకున్నట్టే జిరాక్సు డబ్బులు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.