అడిగితే అందరూ మంచే చెబుతారు

మనసు బాగోకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళడం తప్పా అని ఈకాలం పిల్లల్ని అడిగి చూడండి. "తప్పేముంది ఆంటీ" అంటారు. అదే పిల్లలు సరదాకి "నిన్ను ఎర్రగడ్డలో చేర్పించాలిరా" అనుకుంటారు. ఈ రెండిట్లో ఏది అసలు మాట?

పరిశోధన చేసేవాళ్ళకీ ఇదే తంటా. నేరుగా అడిగితే నలుగురూ మెచ్చే జవాబే వస్తుంది. అందుకే 1998లో గ్రీన్‌వాల్డ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్ళూ ఒక పరీక్ష ప్రకటించారు. తరవాత దాన్ని మానసిక జబ్బుల విషయంలోనూ వాడారు. కంప్యూటరు తెర మీద వచ్చే మాటల్ని రెండు గుట్టలుగా ఏరాలి, మనం చేటలో బియ్యమూ రాళ్ళూ ఏరినట్టు. జబ్బు మాటల్నీ చెడ్డ మాటల్నీ ఒకే గుట్టలో వెయ్యమంటే చెయ్యి చకచకా ఆడి, మంచి మాటలతో కలపమంటే తడబడిందనుకోండి, ఆ తడబాటుని సెకనులో వెయ్యో వంతుల్లో లెక్కిస్తారు. అయితే ఒకే మనిషికి ఇవాళ వచ్చిన ఫలితం రేపు రాకపోవచ్చు. ఒక్క పిల్లని పట్టుకుని తూచడానికి పనికిరాదన్నమాట.

నాకు అంతకన్నా పాత పద్ధతే నచ్చింది. 1920ల్లో బొగార్డస్ అనే అమెరికా ఆయన వేరే జాతులవాళ్ళ గురించి మెట్టుమెట్టుగా అడిగాడు: మీ దేశంలో ఉండొచ్చా, మీ వీధిలో ఉండొచ్చా, చివరికి మీ ఇంటి సంబంధం కలుపుకుంటారా? మన గోదావరి జిల్లాల్లోనూ ఆఖరి మెట్టు అదే కదండీ! జార్జ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు పశ్చిమ గోదావరి పల్లెల్లోనూ, తరవాత విజయవాడ, ఢిల్లీ బస్తీల్లో 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలతోనూ పనిచేసినప్పుడు, ఎవరికి బాధ ఉందన్నదే కాకుండా ఆ బాధ మీద జనం అభిప్రాయాన్నీ కొలిచారు.

రాజమండ్రిలో డిగ్రీ చదివే మా అమ్మాయిని నేనూ మెట్లెక్కించాను. డిప్రెషన్‌కి మందులు వాడే పిల్లతో హాస్టల్ గదిలో ఉంటావా? "ఉంటాను." స్నేహం? "ఓ!" మరి అన్నయ్యకి సంబంధం వస్తే? "అది వేరు కదమ్మా."

సరే, నీకే అలా అయితే నాకు చెబుతావా?

చాలాసేపు మాట్లాడలేదు. "చెప్పను. బయటికి తెలిస్తే నా పెళ్ళప్పుడు మీకే ఇబ్బంది" అంది. నా గుండె జారిపోయింది. ఇరవై ఏళ్ళు నిండలేదు, మా పరువు మోస్తోంది!

సంబంధాల సంగతి మేం చూసుకుంటాంలే, ముందు నువ్వు బాగుండాలి అన్నాను. 2022 అక్టోబరు నుంచి ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చాను. పైసా ఖర్చు లేదు, రాత్రీపగలూ తెలుగులో మాట్లాడతారు. నా ఎదుటే ఫోనులో ఎక్కించుకుంది.

ఏ పేరు పెట్టావే అంటే, "గ్యాస్ బుకింగ్" అంది.