పెత్రమాసకు పూయాలంటే శ్రావణానికే విత్తాలి!

జడ్చర్ల దాటి కల్వకుర్తి దారి పట్టండి. అక్కణ్నుంచి మల్లేపల్లి, హాలియా... పాలమూరు వదిలి నల్లగొండలోకి ఎప్పుడొచ్చారో మీకే తెలియదు. రెండువైపులా అదే ఎర్రటి చెల్క, అవే బండరాళ్ల గుట్టలు, అదే పత్తి. 2016లో జిల్లాలు విడిపోయాక మధ్యలో నాగర్‌కర్నూల్ జిల్లా పేరు కనిపిస్తుంది, అంతే తేడా.

పెత్రమాస దగ్గరపడుతున్న రోజుల్లో ఈ దారి అందం చూడాలి. గట్లమీద, గుట్టల అంచున, నీళ్లు లేని చోట కూడా తంగేడు పసుపు ముద్దలా విరగబూసి ఉంటుంది. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, అదే ఏడాది తంగేడు రాష్ట్ర పుష్పమైంది. ఆ గౌరవంతో తంగేడుకు కొత్తగా ఒరిగిందేమీ లేదు. ఎవరూ పట్టించుకోని రోజుల్లోనూ అది ఇలాగే పూసింది!

దిగులంతా గునుగు గురించే. ఒకప్పుడు జొన్నచేలల్లో ఎవరూ విత్తకుండానే మోకాలెత్తున లేచేది. కొసన గులాబీ, కింద వెండి తెలుపు... దూరం నుంచి చూస్తే చేను మీద దీపాలు పెట్టినట్టుండేది. రైతుకు అది కలుపు. ఇంటి ఆడపిల్లకు అదే బతుకమ్మ. ఇద్దరి మాటా నిజమే. జొన్న తగ్గి పత్తి పెరిగింది. కలుపు తీసే చేతుల బదులు కలుపుమందు డబ్బా వచ్చింది. మందు కొట్టిన చేలో గునుగు ఎక్కడుంటుంది? ఇక మిగిలింది బీడు, గట్టు, కుంట అంచు. ఊరి చివరి బీడు కాస్తా ప్లాట్లయితే అదీ లేదు. తాతల కాలంలో చేలోంచి వడినిండా కోసుకొచ్చిన పువ్వును ఇప్పుడు పండగ ముందు రోజు రోడ్డు పక్కన బేరమాడి కట్టల లెక్కన కొంటున్నాం.

రైతును తప్పుపట్టి లాభం లేదు. ఆయన చేను ఆయన బతుకు. మన వాకిలి, మన డాబా మాత్రం మన చేతిలోనే ఉన్నాయి కదా. పూలు కొనుక్కోవడం మొదలెట్టినవాళ్లం, విత్తుకోవడం మాత్రం ఎందుకు మొదలెట్టకూడదు?

వాకిట్లో బంతి, సీతజడ పాత చుట్టాలే. ఈమధ్య వాటి పక్కన చేరిన కొత్త చుట్టం కాస్మోస్. సన్నని కాడ, సోంపాకులాంటి ఆకు, గాలికి తలూపే ఎనిమిది రేకుల పువ్వు. గులాబీ, తెలుపు రంగులది ఒక రకం, పసుపు నారింజ రంగులది ఇంకో రకం. ఆ రెండో రకం ఆకు కాస్త వెడల్పు. పుట్టిల్లు మెక్సికో. స్పెయిన్ వృక్షశాస్త్రవేత్త కావనిల్లెస్ 1791లో దీనికి ఆ పేరు పెట్టాడు. గ్రీకులో ఆ మాటకు అందంగా, పొందికగా అమరినదని అర్థం.

విచిత్రమేమిటంటే మన బంతి పుట్టిల్లూ మెక్సికోయే! అక్కడ నవంబర్ మొదటి రెండు రోజుల్లో పోయిన పెద్దల్ని తలచుకుంటూ పండగ చేస్తారు. దానికి బంతిపూలే కావాలి. ఇక్కడ మనం పెద్దల పేరు చెప్పి బియ్యం ఇచ్చుకునే పెత్రమాస నాడే ఎంగిలిపూల బతుకమ్మ. సముద్రాల అవతలి నుంచి వచ్చిన పువ్వుకు ఇక్కడా దాదాపు అదే రుతువులో అదే పని దొరికింది.

అది కాకతాళీయమేమీ కాదు. బంతి, కాస్మోస్ రెండూ పగటి పొద్దు తగ్గేకొద్దీ త్వరగా మొగ్గ తొడిగే జాతులు. మన దగ్గర జూన్‌లో పగలు 13 గంటలకు కాస్త పైనే. సెప్టెంబర్ చివరికి 12 గంటలకు దిగుతుంది. ఇక పూలకు అదే పిలుపు.

మరి విత్తేది ఎప్పుడు? ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఇంగ్లిష్ తేదీ గుర్తుపెట్టుకుంటే కుదరదు. బతుకమ్మ 2023లో అక్టోబర్ 14న మొదలైంది, 2024లో అక్టోబర్ 2న, 2025లో సెప్టెంబర్ 21న. మూడేళ్లలో మూడు వారాల తేడా! పంచాంగం తీసి వెనక్కి లెక్కపెట్టండి. పసుపు కాస్మోస్ 50, 60 రోజుల్లో పూస్తుంది. పెత్రమాసకు సరిగ్గా రెండు చాంద్రమాన నెలల ముందు ఆషాఢ అమావాస్య. అంటే పాతబస్తీ బోనాలు ముగిసి శ్రావణం ప్రవేశించే వేళకు గింజ మట్టిలో ఉండాలి. 2023లోలాగా అధిక శ్రావణం వచ్చిన ఏడాది నిజ శ్రావణాన్ని లెక్కలోకి తీసుకోవాలి. గులాబీ రకానికి, బంతికి ఇంకో వారం పది రోజులు ముందే.

గింజ జీలకర్రకంటే పొడుగ్గా, నల్లగా, కొంచెం వంకరగా ఉంటుంది. అర సెంటీమీటరు లోతు చాలు. వారం పది రోజుల్లో మొలకొస్తుంది. మొక్కకూ మొక్కకూ అడుగు దూరం ఉంచండి. పన్నెండంగుళాల కుండీ అయితే మూడు మొక్కలు. ఎండ మాత్రం నిండుగా తగలాలి. ఎరువు దగ్గర చేయి బిగించాలి. పేడ ఎరువు దండిగా పోస్తే ఆకు ఏపుగా పెరుగుతుంది, పువ్వు కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలి. అందుకే మన చెల్క మట్టి దీనికి అచ్చొస్తుంది. అడుగెత్తు పెరిగాక కొస తుంచేస్తే పక్కకొమ్మలొస్తాయి. శ్రావణ, భాద్రపద వానలకు ఒరిగిపోకుండా పక్కన ఓ పత్తికట్టె గుచ్చి వదులుగా కట్టండి.

కోతకు పొద్దున్నే మంచి సమయం. రేకులు అప్పుడే విచ్చుకుంటున్న పువ్వును పొడుగు కాడతో కోసి, కింది ఆకులు తీసి వెంటనే నీళ్లలో పెట్టాలి. రోజూ నీళ్లు మారిస్తే గ్లాసులో నాలుగైదు రోజులు నిలుస్తుంది. కోసేకొద్దీ పూస్తుంది, కోయకుండా వదిలితే గింజకట్టి ఊరుకుంటుంది.

బతుకమ్మకు పనికొస్తుందా? నిజం చెప్పాలంటే, గునుగుకు బదులు కాదు. గునుగు గట్టిది. రంగులద్ది వరసలుగా పేర్చినా చెదరదు, ఎండినా రాలదు. బతుకమ్మ ఎత్తు లేచేది దాని బలంతోనే. కాస్మోస్ నీళ్లు లేకపోతే సాయంత్రానికే తలవాల్చేస్తుంది. మధ్యాహ్నం దాకా నీళ్లలో ఉంచి, ఆఖరున పైవరసలో, గౌరమ్మ చుట్టూ పెట్టుకుంటే ఆ పూట కళ తెస్తుంది. మిగతా రోజుల్లో ఇంట్లో గ్లాసు నిండుతుంది.

ఒక్క జాగ్రత్త. దీని గింజ రాలినచోటల్లా మొలుస్తుంది. కొన్ని దేశాల్లో పసుపు రకం తోట దాటి అడవిమొక్కలా పాకింది కూడా. అందుకని దేవరకొండ, అచ్చంపేట వైపు నల్లమల అంచుల్లో, అమ్రాబాద్ పులుల అభయారణ్యం దారుల్లో సరదాకు కూడా గింజలు చల్లొద్దు. అవి తంగేడు చోట్లు.

గునుగుకు మాత్రం ఓ మూల తప్పక ఇవ్వండి. పండగ పూలన్నీ కోసెయ్యకుండా రెండు కంకులు మొక్కమీదే ఎండనిచ్చి కాగితం మీద దులపండి. ఆవాలకన్నా చిన్న నల్లని మెరిసే గింజలు వందల్లో రాలతాయి. పొట్లం కట్టి తడి తగలని చోట దాచి, వానలు మొదలయ్యాక మట్టిమీద పలచగా చల్లి చేత్తో అదిమితే చాలు, లోతుగా పూడ్చకూడదు. పక్కింటివాళ్లకూ ఓ పొట్లం ఇవ్వొచ్చు, అన్ని గింజలు మీ వాకిట్లో పట్టవు!