ఖాళీ గాడీ, రేగడి దారి

ఉర్దూ మీడియం స్కూల్లో చదువుకునేటప్పుడు సైన్సు కితాబులో ఫ్రిక్షన్‌ను మేం 'రగడ్' అనేవాళ్లం. తర్వాత తెలుగులో డిగ్రీ చేస్తే అదే 'ఘర్షణ' అయింది. ఇప్పుడు జర్నలిస్టుగా ఈ రెండు మాటలూ రోజూ రాస్తూనే ఉంటా. అసెంబ్లీలో రగడ, ఊళ్లో ఘర్షణ. పేపర్లో రెండింటికీ కొట్లాట అనే అర్థం. గాడీ నడిపేవాళ్లకు మాత్రం రగడ్ అంటే రిజ్క్. టైరుకూ జమీన్‌కూ మధ్య అది లేకుంటే డీజిల్ కాలుతుంది, చక్రం తిరుగుతుంది, గాడీ ఉన్నచోటే ఉంటుంది.

మా ఖాలా కొడుకు, నాకంటే పెద్దోడు, ఫైనాన్స్‌లో తీసుకున్న పికప్ నడుపుతాడు. పత్తి ఏరే రోజుల్లో గద్వాల వైపు, పల్లికాయ వచ్చే రోజుల్లో వనపర్తి వైపు, మధ్యమధ్యలో నాగర్‌కర్నూల్ కిరాయిలు. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ నుంచి ఇవి మూడు వేరే జిల్లాలయ్యాయి. డ్రైవర్లకు జిల్లా హద్దు కంటే మట్టి హద్దే ముఖ్యం. చల్కా నేలలో వాన పడితే నీళ్లు తొందరగా ఇంకిపోతాయి, పూటలో దారి గట్టిపడుతుంది. కృష్ణా, తుంగభద్రల నడుమ నడిగడ్డలో ఉన్న రేగడి అట్లా కాదు. తడిస్తే ఉబ్బుతుంది, జిగురవుతుంది, టైరు గాడుల్లో నిండి టైరును నున్నగా చేసేస్తుంది.

అమెరికాలో ఉన్న దోస్తులు సర్దీలొస్తే బరఫ్ మీద గాడీ జారుతుందని చెప్తుంటారు. మనకు బరఫ్ లేదు. మన సర్దీల్లో బంగాళాఖాతంలో అల్పపీడనం పడితే వాన వస్తుంది, కాల్వ నీళ్లు పొలం దారుల మీదికి పారతాయి. అదే వేళ పత్తి ఇంటికి రావాలి. కిస్తీ తారీఖు వానను చూసి ఆగదు.

పోయిన సర్దీల్లో నేనూ భాయీజాన్ వెంట అలంపూర్ వైపు వెళ్లా. పత్తి ఎత్తడానికి ఖాళీ గాడీతో పొలం దారి పట్టాం. వెనక చక్రాలు దిగబడ్డాయి. "ఖాలీ గాడీ ఫిసల్తీచ్ మియా" అన్నాడు భాయీజాన్, ఏదో మామూలు మాటలాగా. పొలం ఆసామి పత్తి ఏరే ఆడోళ్లను కేకేశాడు: "ఎక్కి ఎనక నిలబడుండ్రి, బరువు పడ్తది!" ఆరుగురు ఎక్కారు. నా భతీజా, పదిహేనేళ్లవాడు, వెనక బంపర్ మీద నిలబడి రాడ్డు పట్టుకున్నాడు. గాడీ ఒక్కసారి ముందుకు దూకింది. పిల్లోడు చెయ్యి జారి బురదలో పడ్డాడు. మణికట్టు బెణికింది, అంతే. అల్హందులిల్లా. కానీ దిగబడ్డ గాడీని ముందుకూ వెనక్కూ ఊపడం డ్రైవర్లకు అలవాటు. ఆ క్షణాన రివర్స్ గేర్ పడి ఉంటే?

ఆ రాత్రి భాయీజాన్ దస్తర్ మీద కూర్చుని కూడా రోటీ ముట్టలేదు. భాబీ ఏమీ అడగలేదు. పిల్లోడి చేతికి పట్టీ కడుతూ ఉండిపోయింది. తెల్లారి ఫజర్ అయ్యాక నాలుగు సంచుల్లో ఇసుక నింపి తెచ్చాడు, ఒక్కోటి నలభై కిలోలకు పైనే.

ఇది కొత్త ఇల్మ్ ఏం కాదు. ఇంజిన్ ముందుంది, నడిచేవి వెనక చక్రాలు. డాలా ఖాళీగా ఉంటే ఆ చక్రాల మీద బరువే ఉండదు, పకడ్ ఎక్కడి నుంచి వస్తుంది? సంచులు సరిగ్గా వెనక ఇరుసు మీద పడాలి. మరీ చివరన వేస్తే ముందు భాగం తేలిపోయి స్టీరింగ్ వదులవుతుంది. తాడుతో కట్టాలి, లేకుంటే బ్రేకు కొడితే క్యాబిన్ మీదికొస్తాయి. సరుకు నిండాక దింపేయాలి. దిగబడితే అదే ఇసుక చక్రం ముందు పోయొచ్చు, గోనెసంచో పత్తికట్టెలో వేయొచ్చు.

తక్కినవి ఆయన తజుర్బాలోంచి. టైరు గాడుల్లో మట్టిని ముందే గీకేయాలి. సెకండ్ గేర్‌లో, క్లచ్ మెల్లగా వదిలి కదలాలి. ఎక్సలేటర్ తొక్కితే చక్రం తన ఖబర్ తానే తవ్వుకుంటుంది. ఒక చక్రం ఊరికే తిరుగుతూ రెండోది కదలకుంటే, హ్యాండ్‌బ్రేకు కొంచెం లాగి పట్టాలి. తిరిగే చక్రానికి అడ్డు తగిలి రెండో దానికి జోరు అందుతుంది. బ్రేకు వెనక చక్రాలకు ఉన్న గాడీల్లోనే ఇది పనిచేస్తుంది. టైర్లలో గాలి కొంచెం తగ్గిస్తే అడుగు వెడల్పై పట్టు పెరుగుతుంది. పంపు వెంట ఉంటేనే ఆ పని చేయాలి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి. ట్రాక్టర్ లాగేటప్పుడు తాడు దగ్గర ఎవరూ ఉండొద్దు, తెగిన తాడు కొరడా అవుతుంది.

ఖాళీగా పోయేటప్పుడు ఇసుక మోస్తే డీజిల్ ఎక్కువ తాగదా అని భాయీజాన్‌ను అడిగేవాళ్లున్నారు. కొంచెం తాగుతుంది. కానీ అంతకు ముందు ఆ బరువు ఎవరు మోశారు? పత్తి ఏరే ఆడోళ్లకు కిలో లెక్కన కూలీ. గాడీ మీద నిలబడ్డ అరగంటకు, నెట్టిన అరగంటకు లెక్క లేదు, చీరలకు పట్టిన బురదకు అంతకన్నా లేదు. మనిషి ముఫ్త్‌గా దొరుకుతున్నాడని ఇసుకకు బదులు వాడుకున్నాం. ఒకరి మజ్దూరీని హజం చేసుకుని సంపాదించిన కిరాయిలో బర్కత్ ఎట్లా ఉంటుంది?

మన ఇళ్లలో డ్రైవరో, మిస్త్రీయో, క్లీనరో లేని ఖాందాన్ తక్కువ. సీజన్ వచ్చిందంటే పిల్లల్ని స్కూల్ మాన్పించి గాడీ వెంట పంపేవాళ్లూ ఉన్నారు. అమ్మీలు, అప్పాలు, మీకే చెప్తున్నా. గాడీ వాకిట్లోంచి కదిలేటప్పుడు టిఫిన్ పెట్టుకున్నావా, డీజిల్ ఉందా అని అడుగుతారు కదా. ఇసుక సంచులు వేసుకున్నావా అని కూడా అడగండి. పిల్లోణ్ని మాత్రం దింపి ఇంట్లోకి పిలవండి.